ఆసుపత్రి మంచం ఎక్కకుండా చూసే సేవకు టెండరు ఎలా రాయాలి?

అడిగినవారు: పోర్టు పెన్షనరు, ఎం.వి.పి. కాలనీ

విశాఖ పోర్టులో కాంట్రాక్టుల విభాగంలో 31 ఏళ్ళు పనిచేసి దిగాను. అప్పట్లో పోర్టు ట్రస్టు అనేవాళ్ళం, 2021 చట్టం వచ్చాక అథారిటీ అయింది. నాకు తెలిసిన విద్య ఒక్కటే. పని ఏమిటో రాయడం, దాన్ని ఎలా కొలుస్తామో రాయడం, బిల్లు ఎప్పుడు చెల్లిస్తామో రాయడం. ఇన్నాళ్ళూ అన్నం పెట్టిన ఆ విద్య ఇప్పుడు ఒక చోట నన్ను ముంచేలా ఉంది. అందుకే అడుగుతున్నాను.

మా కాలనీ పెద్దల సంఘంలో 140 మందిమి ఉన్నాం. నిరుడు ఒక పెద్దావిడ పోతూ పోతూ సంఘం పేర 9 లక్షలు రాసి వెళ్ళారు. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: ముసలివాళ్ళను మాటిమాటికీ ఆసుపత్రిలో పడేయకుండా ఏదో ఒకటి చెయ్యండి. సంఘం సొంత నిల్వ 5 లక్షలు కలిపితే 14 అవుతుంది. కార్యదర్శిని నేను కాబట్టి ఆ 'ఏదో ఒకటి' ఏమిటో తేల్చే పని నా నెత్తిన పడింది.

ఆవిడ మాటలో పస ఎంత ఉందో నాకు మా బావగారి వల్ల తెలిసింది. ఆయన మున్సిపల్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, వయసు 77. గుండె బలహీనపడి ఒంటికి నీరు పట్టే జబ్బు. పొద్దున ఒక మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం దాకా నాలుగైదు సార్లు మూత్రానికి వెళ్ళాలి. ఈ ఏడాది సింహాచలం చందనోత్సవానికి వెళ్ళాలని పట్టుబట్టారు. ఆ రోజు వరుసలో గంటలకొద్దీ నిలబడాలి కదా, మధ్యలో బయటికి రావలసి వస్తే ఎలా అని, ముందు రోజు నుంచే ఎవరికీ చెప్పకుండా ఆ మాత్ర మానేశారు. నిజరూప దర్శనం బాగా అయింది. ఇంటికి వచ్చాక మాత్ర సంగతి మరిచిపోయారు. అదే వారంలో మా అక్కయ్య కొత్త ఆవకాయ కలిపింది. వేడి అన్నం, కొత్త ఆవకాయ, నెయ్యి. ఇంక చెప్పాలా? తొమ్మిదో రోజు రాత్రి రెండు గంటలకు పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చున్నారు. 108 లో తీసుకువెళ్ళాం.

నాలుగు రోజులు ఐసీయూ, మూడు రోజులు వార్డు, బిల్లు 1,86,000. డాక్టర్లను తప్పుపట్టను, ప్రాణం నిలిపారు. కాని రెండో రాత్రి ఐసీయూలో మా బావగారు మంచం మీద కూర్చుని హాజరు పిలవడం మొదలుపెట్టారట. ఎప్పుడో చదువుకుని వెళ్ళిపోయిన పిల్లల పేర్లు, వరుస తప్పకుండా. చేతులు మంచానికి కట్టారు. ఏడు రోజుల తరవాత ఇంటికి వస్తే గుమ్మం మెట్టు ఎక్కలేకపోయారు. వెళ్ళేటప్పుడు ఎక్కగలిగిన మెట్టే అది. ఏడాదిలో ఇది మూడో చేరిక. మానేసిన ఒక మాత్ర, ఉప్పు నిండిన ఒక జాడీ, అడిగే మనిషి లేకపోవడం. కారణం ఇంతే.

ఇంకో విడ్డూరం చూడండి. 70 దాటినవాళ్ళందరికీ ఆదాయంతో పని లేకుండా 5 లక్షల వరకు ఆయుష్మాన్ కార్డు ఇస్తామని కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. మంచిదే. కాని మంచం ఎక్కితేనే ఆ డబ్బు కదులుతుంది. ఎక్కకుండా చూసే నర్సమ్మ ఇంటికి వచ్చి కాళ్ళు నొక్కి చూస్తే ఇచ్చే నాలుగు వందలకు ఏ కార్డూ లేదు.

సరే, అసలు ప్రశ్న. మూడు సంస్థలను కొటేషన్లు అడిగాను. పేర్లు ఎందుకులెండి.

మొదటిది: నర్సు ఇంటికి వచ్చిన ప్రతిసారికి ఇంత అని రేటు.

రెండోది: మనిషికి నెలకు ఇంత. చేతికి వాచీ, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు, ఫోనులో యాప్, వాళ్ళ కార్యాలయంలో గోడంత తెర. పటం వేసి చూపించారు, చాలా అందంగా ఉంది.

మూడోది: 'నిరుడు మీ వాళ్ళు ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరారో చెప్పండి. ఈ ఏడాది అది ఎంత తగ్గితే అంతకే డబ్బు ఇవ్వండి' అంటున్నారు. మా కమిటీలో అందరూ దీనికే ఓటు వేస్తున్నారు. ఫలితానికే డబ్బు, ఇంతకంటే న్యాయం ఏముంటుంది అని.

నాకు మాత్రం డ్రెడ్జింగ్ గుర్తొస్తోంది. మన తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూ ఉంటుంది. రేవు దగ్గర ఆగిపోతుంది. దాన్ని తవ్వి తీసి ఆర్.కె. బీచి వైపు పోస్తూ ఉంటారు, లేకపోతే ఇటు నౌకలకు లోతు చాలదు, అటు బీచి కోసుకుపోతుంది. ఇందులో ఎప్పుడూ ఉండే తగవు ఇది: తవ్విన ఘనపు మీటర్లకు డబ్బు ఇవ్వాలా, నిలిచి ఉన్న లోతుకు ఇవ్వాలా? మీటర్లకు ఇస్తే తవ్వుతూనే ఉంటారు. లోతుకు ఇస్తే, ఆ ఏడు తుఫాను రాకపోతే ఊరికే డబ్బు వస్తుంది, వస్తే గొడవ. మొదటి కొటేషన్ మీటర్ల లెక్క, మూడోది లోతు లెక్క. రెండోది ఏ లెక్కో నాకు అర్థం కాలేదు.

ఇలాంటివి నడిపినవాళ్ళు, నడుపుతున్నవాళ్ళు, చేయించుకున్నవాళ్ళు చెప్పండి. దేనికి డబ్బు ఇవ్వాలి? ఒప్పందంలో ఏమి రాసుకోవాలి?

—

మాజీ హెడ్ నర్సు, ఆరిలోవ:

అన్నగారూ, ప్రభుత్వ ఆసుపత్రి మెడికల్ వార్డులో చాలా ఏళ్ళు చేశాను. మీ బావగారిలాంటివాళ్ళను నెలనెలా చూసేవాళ్ళం. పేరు పిలవనక్కరలేదు, మంచం నంబరుతోనే గుర్తు.

వాచీ వద్దు. బరువు చూసే యంత్రం కొనండి, వెయ్యి రూపాయలు చాలు. పొద్దున లేచి, ఒకటికి వెళ్ళివచ్చి, కాఫీ తాగకముందు, అదే లుంగీతో, రోజూ అదే గచ్చు మీద పెట్టి ఎక్కమనండి. చాప మీద పెడితే తప్పు చూపిస్తుంది. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి కాదు, నీరు. ఆయాసం రావడానికి కొన్ని రోజుల ముందే యంత్రం చెబుతుంది. తొమ్మిది రోజులు అన్నారు కదా. ఆ తొమ్మిది రోజుల్లో ఎవరైనా ఒక్కసారి ఆ అంకె అడిగి ఉంటే నాలుగు రోజుల ఐసీయూ ఉండేది కాదేమో.

ఇంకోటి. చేరిక తప్పించే పని, డిశ్చార్జి అయి ఇంటికి వచ్చిన మర్నాడే మొదలవ్వాలి. రెండు రోజుల్లోపు నర్సు వెళ్ళి, ఇంట్లో ఉన్న మందులన్నీ, పాతవీ కొత్తవీ, మంచం మీద కుమ్మరించమనాలి. నేను రిటైరయ్యాక మా వీధిలో ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోతున్నారని పిలిస్తే వెళ్ళాను. నాడి 44 కొట్టుకుంటోంది. డబ్బా తెరిస్తే ఒకే బి.పి. మందు రెండు కంపెనీల పేర్లతో రెండు అట్టలు. ఆసుపత్రిలో ఇచ్చింది ఒకటి, అంతకు ముందు వాడుతున్నది ఒకటి. రెండూ భక్తిగా వేసుకుంటున్నారు. ఆవిడకు కావలసింది ఐసీయూ కాదు, చదవగలిగిన మనిషి.

గుండె ఒక్కటే అనుకోకండి. పెద్దవాళ్ళను మంచాన పడేసేవి చిన్నచిన్న సంగతులే: మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, అన్నం తినకుండా వేసుకున్న షుగరు మాత్ర, మార్చవలసిన రోజు దాటిపోయిన మూత్రం గొట్టం (కేథెటరు), స్నానాలగదిలో జారుడు, వీపున పుండు. వీటిలో ఒక్కదానికీ పెద్ద యంత్రం అక్కరలేదు.

చివరగా, 'హోం నర్సు' అనే మాట నమ్మకండి. మన ఊళ్ళో నెలా రెండు నెలలు నేర్పి పంపిన ఆయాను కూడా హోం నర్సు అనే అంటారు. ఆయాలు తక్కువవాళ్ళని కాదు, వాళ్ళ పని వేరు. జి.ఎన్.ఎం. అంటే మూడేళ్ళ నర్సింగ్ చదువు, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు ఒప్పందంలో రాయించండి. ఆ మనిషినే పంపాలి, వారానికొక కొత్త మొహం కాదు. ముసలివాళ్ళు కొత్త మనిషికి మాత్ర మానేసిన సంగతి చెప్పరు. పాత మనిషికైనా మూడోసారి అడిగితేనే చెబుతారు.

—

లీడ్స్‌లో వాల్తేరువాడు:

మాస్టారి హాజరు పట్టీ చదివి మనసు ఎలాగో అయింది. మా నాన్నగారు పోయే ముందు అలాగే మాట్లాడారు.

ఇంగ్లండులో మీరు చేయబోతున్న పనే నాకు ఉద్యోగం. మేము దీన్ని కమిషనింగ్ అంటాం. కమిషను అనగానే మన ఊళ్ళో వేరే అర్థం వస్తుంది కాబట్టి ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ మాట వాడను. ఒక ప్రాంతంలో ఎవరికి ఏ అవసరం ఉందో చూసి, దానికి తగ్గ సేవను ప్రజల డబ్బుతో కొని, అందుతోందో లేదో కాపలా కాయడం. 2013 నుంచి ఈ పని స్థానిక డాక్టర్ల బృందాలు చేసేవి, 2022 జులైలో వాటిని తీసేసి 42 బోర్డులు పెట్టారు. బోర్డుల పేర్లు మారుతూ ఉంటాయి, తలనొప్పి మాత్రం మీకున్నదే.

మూడో కొటేషన్ గురించి చెబుతాను. అది న్యాయంగా కనిపించే ఉచ్చు.

నిరుడు రెండు మూడుసార్లు చేరినవాళ్ళను ఏరి జాబితా వేస్తారు కదా. ఎవరూ ఏమీ చేయకపోయినా ఈ ఏడాది ఆ జాబితాలో చేరికలు తగ్గుతాయి. మనం వాళ్ళను ఏరుకున్నదే వాళ్ళకు బాగా చెడ్డ ఏడాది చూసి. చెడ్డ ఏడాది తరవాత చాలామందికి మామూలు ఏడాది వస్తుంది. కొందరు పోతారు. చెప్పడానికి బాగుండదు గాని, పోయినవాళ్ళు కూడా 'చేరలేదు' అనే గడిలోనే పడతారు. మీ మాటల్లో, తుఫాను రాని ఏడాది లోతుకు డబ్బు కట్టినట్టు. నేను కొత్తగా చేరినప్పుడు మా ప్రాంతంలో నాలుగైదు సేవలు ఒక్కొక్కటీ తాము తప్పించిన చేరికల లెక్క పంపేవి. అన్నీ కూడితే ఆ మొత్తం మా ఆసుపత్రి గుమ్మంలోకి వచ్చే జనాన్ని దాటిపోయింది. మా పైఅధికారి ఆ కాగితం చూసి, 'అయితే ఆసుపత్రి మూసేద్దామా?' అన్నాడు.

ఇంతకంటే ప్రమాదం ఇంకోటి. చేరకపోతేనే డబ్బు అని రాస్తే, రాత్రి రెండు గంటలకు నిజంగా ఆసుపత్రికి పంపవలసిన మనిషి దగ్గర నిలబడ్డ నర్సు ఏమి ఆలోచించాలి? ఆ తూకంలో డబ్బు రాయి ఉండకూడదు.

ఇక్కడ బాగా నడిచిన రెండు ఏర్పాట్లు మీకు పనికొస్తాయి. ఒకటి, కబురు అందిన రెండు గంటల్లో ఇంటికి మనిషి వెళ్ళే సేవ, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, వారంలో ఏడు రోజులూ. రెండోది 'వర్చువల్ వార్డు'. రోగి ఇంట్లో మంచం మీదే ఉంటాడు, కాని వార్డు జాబితాలో పేరు ఉంటుంది, డాక్టరు రోజూ ఆ జాబితా చూస్తాడు. అందరూ దీన్ని పరికరాల పథకం అనుకుంటారు. నా అనుభవంలో పరికరం ఉండి జాబితా చూసే డాక్టరు లేనిచోట అది బొమ్మ. డాక్టరు ఉండి పరికరం లేనిచోట ఫోనుతోనే నడిచింది.

కాబట్టి డబ్బు దేనికి ఇవ్వాలి అంటే, సిద్ధంగా ఉన్నందుకు. అగ్నిమాపక కేంద్రానికి మంటకు ఇంత అని ఇస్తామా? నెలకు ఒక స్థిరమైన మొత్తం. ఎన్ని ఇళ్ళు చూడాలో, ఎంతసేపట్లో చేరాలో, రాత్రి ఫోను ఎవరు ఎత్తాలో రాసి, అది తప్పితే కోత. చేరికల సంఖ్య లెక్కపెట్టండి, తప్పకుండా పెట్టండి, కాని దాని మీద బిల్లు కట్టకండి. ప్రతి చేరికనూ నెలకోసారి కూర్చుని కథలాగా చదవండి: ఇది తప్పేదా, ఏ రోజున, ఎవరు ఏమి చేసి ఉంటే? మీ బావగారి కథ మీరు రాసినట్టే.

—

గాజువాక కోడలు:

అందరూ పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు మాట్లాడుతున్నారు. మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి.

ఆసుపత్రిలో చేరకపోతే పేషెంటు ఎక్కడ ఉంటారు? ఇంట్లో. ఇంట్లో రాత్రి మూడుసార్లు లేపి కూర్చోబెట్టేది ఎవరు? మీ బావగారికి మీ అక్కగారు, మా అత్తగారికి నేను. పొద్దున తొమ్మిదింటికి బ్యాంకు కౌంటరులో కూర్చోవాలి. మా అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. నిరుడు ఛాతీలో కఫం చేరినప్పుడు ఇంట్లోనే ఇంజెక్షన్లు ఇచ్చి చూద్దాం, ఆసుపత్రి ఎందుకు అన్నారు అందరూ. పదకొండు రోజులు. నర్సు పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు వచ్చి వెళ్ళేది. మిగిలిన ఇరవై మూడు గంటల ఇరవై నిమిషాలు ఏ కొటేషన్‌లో ఉంది?

నిజం చెప్పనా? ఆవిడను చివరకు ఆసుపత్రిలో చేర్చిన రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఆ తరవాత అందుకు ఏడ్చాను కూడా.

ఆసుపత్రి తప్పించవద్దు అనడం లేదు. ఆవిడకూ ఇల్లే ఇష్టం. కాని మీ ఒప్పందంలో చూసుకునే మనిషికి కూడా ఒక పంక్తి రాయండి.

—

పెందుర్తి డాక్టరు:

గాజువాక అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇరవై ఏళ్ళుగా జనరల్ ప్రాక్టీసులో ఉన్నాను. ఆసుపత్రికి రాసే చీటీల్లో ఎన్నో జబ్బు ముదిరి కాదు, ఇంట్లో చూసేవాళ్ళు అలిసిపోయి. ఎవరూ బయటికి చెప్పరు.

నా వైపు నుంచి రెండు మూడు మాటలు.

సిస్టరుగారు బరువు గురించి చెప్పారు. సరే, బరువు రెండు కిలోలు పెరిగింది, నర్సు చూసింది. తరవాత? నీరు పోయే మాత్ర ఒకటికి బదులు రెండు చేయాలంటే ఆమె తనంతట తాను చేయకూడదు. ఆ మాట చెప్పవలసిన డాక్టరు ఎవరు, ఫోను ఎత్తుతాడా, అన్నదాని మీదే మీ పథకం నిలుస్తుంది. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, ఒకసారి ఎదురుగా చూసిన రోగిని ఆరు నెలల లోపు అదే జబ్బుకు ఫోనులో చూసి మందు మార్చి రాసే వీలు మాకు ఉంది. కాబట్టి జాబితాలోని ప్రతి ఒక్కరినీ డాక్టరు మొదట ఒకసారి స్వయంగా చూడాలి. ఇది ఒప్పందంలో మొదటి నెల పని. మోతాదు మార్చినప్పుడు వారం పది రోజుల్లో రక్తంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. ఇంటికి వచ్చి రక్తం తీసుకునే లాబుతో మాట్లాడి పెట్టుకోండి. నీరు తీసేద్దామని తొందరపడి సోడియం పడిపోయి మనిషి మత్తులోకి వెళ్ళడం నేను చూశాను.

ఆసుపత్రికి తప్పకుండా పంపవలసినవి ఏమిటో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ప్రతి ఇంట్లో ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి పడిపోవడం ఉంటే ఒక్క నిమిషం ఆగవద్దు, గడ్డ కరిగించే ఇంజెక్షనుకు నాలుగున్నర గంటలే గడువు. ఛాతీలో నొప్పి, పడిపోయాక కాలు మోపలేకపోవడం, పిలిస్తే పలకకపోవడం. వీటికి సంఘం నర్సుకు కాదు, 108 కి ఫోను చేయాలి. నర్సు వచ్చి చూసేదాకా ఆగుదాం అని ఎవరైనా అనుకున్నారంటే మీ సేవ మేలు కంటే కీడు చేసినట్టే.

ఇల్లే అన్నిటికీ మంచిదని కాదు గాని, ముసలి ఒంటికి మంచం ఎంత చెరుపో ఒక పరిశోధనలో కొలిచారు. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళను పది రోజులు మంచం మీద ఉంచితే కాళ్ళ కండ ఒక కిలో దాకా కరిగిందట. వాళ్ళకు జబ్బేమీ లేదు, గుర్తుంచుకోండి. మీ మాస్టారు మెట్టు ఎక్కలేకపోవడంలో వింత లేదు.

ఇవన్నీ కొత్త అనుకోకండి. కేరళలో 2008లో పాలియేటివ్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) విధానం ప్రకటించాక పంచాయతీలే నర్సును పెట్టి, ఆశా కార్యకర్తలను, ఊళ్ళో స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళను కలిపి ఇంటింటికీ పంపుతున్నాయి. తమిళనాడులో 2021 ఆగస్టు నుంచి బి.పి., షుగరు మందులు గుమ్మంలోకే తెచ్చి ఇస్తున్నారు. మన దగ్గర 2023లో మొదలైన ఫ్యామిలీ డాక్టరు పద్ధతి గ్రామాల కోసం పెట్టింది, మీ కాలనీ దాకా రాదు. మీకు దగ్గరలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో బి.పి., షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు. మీ 14 లక్షల్లో ఒక్క రూపాయి కూడా ఆ మాత్రల మీద పెట్టకండి.

—

పోర్టు పెన్షనరు, ఎం.వి.పి. కాలనీ:

రెండు వారాలు జవాబు రాయలేదు, క్షమించండి. మీరు రాసినవి కాగితం మీద ముద్రించి కమిటీలో చదివాను. అమ్మా గాజువాక, మీది చదువుతున్నప్పుడు మా కోశాధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన భార్య మూడేళ్ళుగా మంచం మీదే ఉన్నారు. ఎన్నడూ ఆయన మాతో ఆ సంగతి మాట్లాడలేదు. మేమూ అడగలేదు.

మూడో సంస్థను ఒక్క ప్రశ్న అడిగాను: 'మా జాబితాలో ఒకరు చనిపోతే, ఆ మనిషి లెక్క మీకు లాభమా, నష్టమా?' వాళ్ళ కుర్రాడు చాలాసేపు ఆలోచించి, అడిగి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు. రెండో సంస్థను రాత్రి రెండు గంటలకు ఆ గోడంత తెర ముందు ఎవరు కూర్చుంటారని అడిగాను. తెల్లవారాక చూస్తారట.

మొదటి సంస్థనే పిలిచి, సారికి ఇంత అన్న రేటు కొట్టేసి, మళ్ళీ కొటేషన్ ఇమ్మన్నాను. ఈసారి పని ఏమిటో నేను రాసి ఇచ్చాను. రిజిస్ట్రేషన్ ఉన్న జి.ఎన్.ఎం. నర్సు ఒకరు, ఆమె సెలవు రోజున ముందే పరిచయం చేసిన ఇంకొకరు. జాబితాలో మొదట 18 మంది. డిశ్చార్జి అయినవారి ఇంటికి రెండు రోజుల్లో, కబురు చేసిన ఇంటికి పగలైతే రెండు గంటల్లో. రాత్రి ఫోను మూడోసారి మోగేలోపు ఎత్తాలి, ఎత్తేది రోగుల పేర్లు తెలిసిన మనిషి అయి ఉండాలి. నెలలో ఏదో ఒక రాత్రి నేనే ఫోను చేసి పరీక్షిస్తానని కూడా రాశాను. పోర్టు బుద్ధి పోలేదు. మా కాలనీలోనే క్లినిక్ ఉన్న ఒక డాక్టరు నెల జీతానికి ఒప్పుకున్నారు, 18 ఇళ్ళూ ఒకసారి తిరిగి చూశారు కూడా.

లెక్క ఇది. నర్సుకు 30,000, స్కూటరు పెట్రోలుకు 3,000, డాక్టరుకు 15,000, రాత్రి ఫోనుకు 10,000. మంచం పట్టినవాళ్ళున్న ఎనిమిది ఇళ్ళకు నెలకు రెండు రాత్రులు ఆయాను పంపడానికి 12,800. నెలకు 70,800. పందొమ్మిది నెలలు నడుస్తుంది, 54,800 మిగులుతుంది. అది బరువు యంత్రాలకు, రక్త పరీక్షలకు. ఆ 12,800 దగ్గర ఒకాయన అభ్యంతరం చెప్పారు: 'ఇది వైద్యం కాదు కదా, ఇంటివాళ్ళ నిద్రకు సంఘం డబ్బు ఎందుకు?' అని. కోశాధికారి ఒక్క మాట కూడా అనకుండా ఆ పంక్తి పక్కన సంతకం పెట్టారు.

డ్రెడ్జింగ్ సంగతి కూడా తేలింది. నేను మీటర్లా లోతా అని కొట్టుకుంటున్నాను గాని, పోర్టులో మేము రోజూ డబ్బు పోసి ఊరికే కూర్చోబెట్టేది ఒకటి ఉండేది: టగ్గు, పెద్ద నౌకలను లాగి రేవులోకి తెచ్చే చిన్న నౌక. నౌక వచ్చినా రాకపోయినా ఇంజను వేడిగా, మనుషులు మెలకువగా. దాని బిల్లు మీద సంతకం పెట్టేటప్పుడు ఎవరూ 'ఈ నెల ఎన్ని ప్రమాదాలు తప్పించారు?' అని అడిగేవారు కాదు. వాల్తేరు అబ్బాయి అగ్నిమాపక కేంద్రం అనగానే నాకు అదే తట్టింది.

నర్సమ్మ పని మొదలుపెట్టి పది రోజులైంది. నాలుగో రోజున ఒక ఇంట్లో, సిస్టరుగారు చెప్పినట్టే, ఒకే మందు రెండు అట్టలు దొరికాయి. ఏడో రోజున ఒకరిని ఆసుపత్రికి పంపింది. కాలు వాచి వేడిగా, ఎర్రగా ఉందని, డాక్టరుకు ఫోను చేసి, తనే ఆటో పిలిచి. కమిటీలో ఒకరు 'అప్పుడే ఒక చేరికా!' అన్నారు. ఆ కథే వచ్చే నెల సమావేశంలో మొదట చదువుతాం.

మా బావగారి బరువు నిన్న పొద్దున 61.6. డిశ్చార్జి అయినప్పుడు 61.2. అంకెలు ఆయనే గళ్ళ పుస్తకంలో రాస్తున్నారు, కింద వారం సగటు కూడా కట్టి. లెక్కల మాస్టారు కదా. ఎవరైనా ఒక రోజు రాయకపోతే కోప్పడే పని కూడా ఆయనకే అప్పగించాం, పక్క మూడు ఇళ్ళకు కలిపి. ఆవకాయ జాడీని అక్కయ్య మా ఇంటికి పంపించేసింది. నిన్న నర్సమ్మ మా ఇంటి ముందు నుంచి వెళుతూ అది చూసి, లోపలికి వచ్చి నా బి.పి. అడిగింది.